చలికి లేవని బోర్డు

ఆ రోజు పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. మబ్బూ కాదు, మంచూ కాదు. సూర్యుడు ఎక్కడో ఉన్నాడని తెలుస్తోంది గానీ ఏ వైపున్నాడో తెలియడం లేదు. బస్సు కిటికీ అద్దానికి చెమ్మ పట్టింది. ఆమె వేలితో ఒక గీత తుడిచింది. గీతలోంచి వీధి కనిపించి, అంతలోనే మూసుకుపోయింది. మళ్ళీ తుడిచింది.

"దిగే చోటు దాటిపోయిందా తల్లీ?" అని పక్కనున్న ముసలావిడ అడిగింది.

"లేదండీ."

చెయ్యి ఒళ్ళోకి తెచ్చుకుంది. అది ఒళ్ళో ఉంటేనా! సంచి జిప్పు లాగడం, మూయడం మొదలుపెట్టింది. సంచిలో స్క్రూడ్రైవర్లు, టార్చి, భూతద్దం, వేడి కొలిచే పరికరం ఉన్నాయి. ఖరీదైన కంప్యూటర్ బోర్డుల్ని పరీక్షించి మంచీ చెడ్డా రాయడం ఆమె పని. కంప్యూటర్లు తామే కూర్చుకునే పిచ్చి ఉన్నవాళ్ళు ఆమె రాసింది చదివితేగానీ జేబులో చెయ్యి పెట్టరు. ఆమెకు కొలతలమ్మ అని పేరు పెట్టింది కూడా వాళ్ళే.

ఇప్పుడు ఆమె బల్ల మీదున్నది ఈ ఏటికల్లా పెద్ద బోర్డు. వారం చివర దాని మీద ఆమె వ్యాసం వెబ్ పత్రికలో రావాలి. సగం రాసేసింది. పై తరగతి ముద్ర వేయడానికి మనసులో ఒప్పుకుంది కూడా. ఆ ముద్రని కంపెనీవాళ్ళు డబ్బా మీద అచ్చు వేసుకుంటామన్నారు. మొదటి కొలతలు చూసిన ఉత్సాహంలో అన్నయ్యకు ఫోన్ చేసి, "కళ్ళు మూసుకుని కొనేసుకో," అని చెప్పింది. అన్నయ్య నిజంగానే కళ్ళు మూసుకుని కొన్నాడు. నిన్న సాయంత్రం వదిన ఫోను.

"మీ అన్న మళ్ళీ ఏదో పగలేశాడమ్మా. పొద్దున్నే ఆ కంప్యూటర్ డబ్బా ఉన్న గదిలో తలుపేసుకుని గొణుక్కుంటున్నాడు. అడిగితే 'లేస్తుందిలే' అంటాడు. అదేమన్నా పసిపిల్లా? నువ్వొచ్చి చూడు."

అందుకే ఈ బస్సు.

వదిన తలుపు తీసి పక్కకు తప్పుకుంది. "వచ్చావా మహాతల్లీ. లోపలుంది చూడు మీ అన్న ముద్దుల కూతురు. ఈ ఇంట్లో అది లేచాకే మాకు కాఫీ."

"ఇప్పుడు లేచిందా?"

"నువ్వొస్తున్నావని తెలిసి లేచినట్టుంది. దానికీ భయముంది. ఇదుగో, నా తల ఆరబెట్టుకునే డ్రయ్యరు కూడా కనబడట్లేదు. అదీ పగలేసి ఎక్కడో దాచుంటాడు, పగలేసే దొర."

ఆ పేరు ఇంట్లో అందరికీ నోటికి అలవాటే. అన్నయ్య మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. గుమ్మంలో నిలబడితే వెనక గది కనపడదు. గ్లాసులు, తలుపు గడియలు, కళ్ళజోళ్ళు, ఆయన చెయ్యి తగిలిన ప్రతిదానికీ ఒక కథ ఉంది. ఆ కథలు వదిన నోట వినాలి. తిట్టు సగంలోనే ఆవిడకు నవ్వొస్తుంది. ఆ నవ్వు కోసమే ఆయన తల వంచుకుని నిలబడతాడేమో అనిపిస్తుంది.

గదిలో తెర వెలుగుతోంది. అన్నయ్య వీడియో బొమ్మలు కత్తిరించి అతికే పనిలో ఉన్నాడు. ప్రకటనలు, చిన్న చిన్న చిత్రాలు, ఎవరు ఏం తెస్తే అది. మూలన సౌండాయన కూర్చున్నాడు, మెడలో హెడ్‌ఫోనుతో. అన్నయ్య బొమ్మ కత్తిరిస్తే ఆయన దానికి చప్పుడు కూరుస్తాడు. సన్నగా, రెల్లు పుల్లలా ఉంటాడు. వేళ్ళు పొడుగు. వెంట్రుకంత తీగని టంకం పెట్టి అతికించగల మనిషి.

"రా చెల్లెమ్మా," అన్నాడాయన. "మీ అన్న రోగికి డాక్టరొచ్చింది."

"మీదీ ఇదే బోర్డు కదా సౌండాయనా. ఎలా ఉంది?"

ఆయన అన్నయ్య వైపు చూశాడు. "ఉంది. పాపం దాని తప్పేం లేదు," అన్నాడు.

ఆమె నేలమీద చాప వేసుకుని పడుకుంది. డబ్బా పక్కరేకు ఊడదీసి టార్చి వేసింది. నల్లటి లోహపు రేకులు కప్పుకున్న బోర్డు, నీళ్ళలోంచి అప్పుడే లేచిన దున్నపోతు వీపులా నిగనిగలాడుతోంది. అన్నయ్య చేతుల సంగతి తెలుసు గనక ఎక్కడో ఏదో వంకర ఉండి తీరుతుందనుకుంది. కూలరు నాలుగు మూలల మరలూ తిప్పి చూసింది. సమంగా బిగిసి ఉన్నాయి. ర్యాములు నాలుగూ గాడిలో నిటారుగా కూర్చున్నాయి. వైర్లు జడలల్లినట్టు ఉన్నాయి. భూతద్దం పెట్టి అంచులు చూసింది. గీత కూడా లేదు.

"ఎవరు బిగించారు?"

"నేనే," అన్నాడు అన్నయ్య. ఆ ఒక్క మాటలో ఇంత సంబరం.

మిషను ఆపి మళ్ళీ వేసింది. లేచింది. మళ్ళీ ఆపింది. మళ్ళీ లేచింది. బోర్డు మీద రెండక్షరాల చిన్న దీపం గబగబా అంకెలు మార్చుకుని, పని ముగిసిన కూలీలా చల్లగా ఆరిపోయింది.

"దీనికేం రోగం లేదు వదినా."

"మరి పొద్దున పూట లేవదేం?"

"ఏదో వైరు వదులుగా పెట్టుంటాడు. తర్వాత చెయ్యి తగిలి సర్దుకునుంటుంది. నీ చేతులంతే అన్నయ్యా. దీన్ని చేసినవాళ్ళు నీలాంటివాడు కొంటాడని అనుకోలేదు."

సౌండాయన నవ్వలేదు. అన్నయ్య మాత్రం నవ్వేసి, "అంతే అయ్యుంటుంది," అన్నాడు.

గోడకు తగిలి గడియారం పగిలితే గోడదే తప్పని పూటంతా వాదించే మనిషి ఇంత తొందరగా ఒప్పుకున్నాడు! ఆమెకది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తనకే తెలియలేదు. రేకు మూయబోతూ మళ్ళీ టార్చి వేసింది. ర్యాముల పక్కన బోర్డు పేరున్న పల్చటి కాగితం చీటీ ఒకటుంది. దాని అంచు ఎండకు ముడుచుకున్న ఆకులా పైకి లేచింది. గోటితో నొక్కింది. గోరు తీయగానే మళ్ళీ లేచింది.

ఆమె లేచి చేతులు దులుపుకుంటుంటే సౌండాయన తన హెడ్‌ఫోను వైరు అన్నయ్య చేతికిచ్చాడు. "వెనకాల పెట్టరా కాస్త."

"నీ చెయ్యి అందుతోంది కదా?"

"నువ్వే పెట్టు. నా చేతులు మంచివి కావు."

అన్నయ్య ఆ లావు వేళ్ళతో వెనక తడుముకుంటూ వైరు గుచ్చాడు. ఆమె ఇద్దరినీ చూసింది. ఏదో అడుగుదామనుకుంది. వదిన కాఫీ తెచ్చింది.

*

పరీక్షల గది ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. కిటికీలు మూసే ఉంటాయి. గోడ పొడుగునా మిషన్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. మధ్య బల్ల మీద పెద్ద బోర్డు, పెట్టె లేకుండా, నాలుగు కాళ్ళ మీద పరిచి ఉంది. దాని వీపు మీద ఆమె అతికించిన సన్నటి తీగలు. అవి ఎక్కడ ఎంత వేడెక్కిందో క్షణక్షణం తెర మీద గీత గీస్తాయి. కరెంటు పంచే భాగం ఎంత పని పెట్టినా వేడెక్కడంలేదు. ర్యాములు నాలుగూ పూర్తి వేగంతో పరిగెడుతున్నాయి. ఆ వేగం కోసమే జనం ఆ బోర్డుకి అంత ధర పెడతారు. వ్యాసంలో ఆమెకు బాగా నచ్చిన వాక్యం కూడా అదే: "వచ్చిన నాటి నుంచి ఒక్క పూట కూడా ఆపకుండా నడిపాను, ఒక్కసారీ తడబడలేదు."

ఆ వాక్యం చదివింది. బాగుంది. లేచి గది ఆ చివరికి నడిచింది. వచ్చి మళ్ళీ చదివింది.

"ఏంటమ్మా, కాలు కాలిన పిల్లిలా," అన్నాడు ఎడిటరు అద్దాల గదిలోంచి. ఆయన మంచివాడే. ఒళ్ళు అలవకుండా మంచితనం చేస్తాడు. "అయిపోయినట్టేనా? కంపెనీవాళ్ళు ముద్ర కోసం పొద్దున్నుంచీ ఫోన్లు."

"అయిపోయింది సార్. ఒక చీటీ అర్థం కావట్లేదు."

"ఏం చీటీ?"

"బోర్డు మీది చీటీ. మా అన్నయ్య దాంట్లో అంచు లేచింది, ఇక్కడ లేవలేదు."

"చీటీకి కూడా మార్కులేస్తావా!" ఆయన నవ్వుకుంటూ తలుపు మూసుకున్నాడు.

ఆమె తన బోర్డు మీది చీటీని వేలితో తడిమింది. నున్నగా, అంటుకుని ఉంది. ఇన్నాళ్ళుగా దీన్ని ఎండబెట్టినట్టు నడిపింది. అంత వేడికీ జిగురు చెక్కుచెదరలేదు. మరి అన్నయ్య దాన్ని దేంతో కాల్చాడు? లోపలి వేడికి కాదు. లోపలి వేడి కింది నుంచి వస్తుంది. ఆ అంచు పై నుంచి ఎండింది.

బల్ల ముందు కూర్చుంది. లేచింది. మేజోళ్ళు సర్దుకుంది. తెర మీద గీత ముందుకు పోతూనే ఉంది, తొట్రుపాటు లేకుండా.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే మొదటి బస్సెక్కింది. చలి ముక్కు కొస మీద కూర్చుంది. వీధి చివర రొట్టెల కొట్టు ఒక్కటే తెరిచి ఉంది. ఇంకెవరి దీపమూ వెలగలేదు.

వదిన నిద్రకళ్ళతో తలుపు తీసి, "పొద్దున్నే ఏంటమ్మా, ఎవరికేమైంది?" అంది.

"ఎవరికీ ఏం కాలేదు. అన్నయ్యేడీ?"

వదిన గడ్డంతో లోపలి గది చూపించి వంటింట్లోకి పోయింది. గది తలుపు వెనక ఏదో గుయ్యిమంటోంది. ఆమె తోసింది.

అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, దుప్పటి కప్పుకుని. డబ్బా రేకు ఊడదీసి పక్కన పెట్టాడు. చేతిలో వదిన డ్రయ్యరు. దాన్ని ర్యాముల మీద అటూ ఇటూ మెల్లగా ఊపుతున్నాడు. ఒక చోట ఆపడు, దగ్గరికి తీసుకుపోడు. మధ్యలో ఎడమచేతి వెనక భాగం పెట్టి వేడి చూసుకుంటున్నాడు, పసిబిడ్డకు నీళ్ళు పోసేముందు చూసినట్టు. ఇంత మెత్తగా ఆ చేతులు కదలగలవని ఆమెకు తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

డ్రయ్యరు ఆపి, మీట నొక్కాడు. రెండక్షరాల దీపం అంకెలు మార్చుకుంటూ పోయి, ఆరింది. తెర వెలిగింది. ఆయన వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. అప్పుడు చూశాడు చెల్లెల్ని.

"ఎంతసేపైంది వచ్చి?"

"వెచ్చబెట్టకపోతే ఏమవుతుంది?"

"లేవదు. ఆ దీపం ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. వెచ్చబెడితే లేస్తుంది. ఒకసారి లేచిందా, ఇక రోజంతా బంగారం."

"ఎప్పట్నుంచి?"

"చలి పడ్డ దగ్గర్నుంచీ."

"నాకు చెప్పడానికేం?"

"ఏమని చెప్పను? నువ్వు మంచిదన్నావు." ఆయన డ్రయ్యరు తీగని చుట్ట చుడుతున్నాడు, చూపు ఎత్తకుండా. "నీ మాట చూసి ఎంతమంది కొంటారు? నేను ఫోన్ చేసి, అమ్మడూ, నీ బోర్డు లేవట్లేదని అంటే నీకు నిద్ర పడుతుందా? అసలే నీకు నిద్ర తక్కువ. ఇంట్లో డ్రయ్యరుంది కదా అనుకున్నా."

"నిన్న నీ చేతులదే తప్పన్నాను. అందరి ముందూ."

"అందరూ అంటారు. ఇంకో మాట పడితే అరిగిపోతానా?"

ఆమె డబ్బా పక్కన కూలబడింది. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక తన సంచి జిప్పు లాగింది. అప్పుడు మూలనున్న ఖాళీ కుర్చీ కనబడింది.

"సౌండాయనదీ లేవట్లేదా?"

అన్నయ్య డ్రయ్యరు తీగని విప్పి మళ్ళీ చుట్టాడు.

"చెప్పు."

"లేవలేదు. ఏంట్రా ఇది అని నన్నడిగాడు. నువ్వే ర్యాము పెట్టేటప్పుడు గట్టిగా నొక్కుంటావన్నాను. షాపుకి మోసుకెళ్ళాడు. వాళ్ళు ఎండ పడే బల్ల మీద పెట్టి సాయంత్రం దాకా నడిపి, లోపం లేదు, మీరే సరిగ్గా పెట్టుండరు అని తిప్పి పంపారు. నా మాటా వాళ్ళ మాటా ఒకటయింది."

"నమ్మాడా?"

"నేను చెప్తే నమ్మడూ?" ఆ మాట అన్నాక తనకే ఎలాగో ఉన్నట్టు మొహం తుడుచుకున్నాడు. "అప్పట్నుంచి వైరు ముట్టుకోవట్లేదు. టంకం పెట్టడం మానేశాడు. తెగిన తీగలు బయటికిచ్చి చేయించుకుంటున్నాడు. మొదట ఊరికే అలిగాడనుకున్నా."

"నా పేరు చెడకూడదని ఆయన చేతులు చెడగొట్టావా?"

"అంత మాటనకు. నేను అలా అనుకుని చేశానా?"

"ఎలా అనుకున్నా సరే. ఈ రోజే ఆయనకి చెప్పు. నేను రాసేలోపల చెప్పు."

"చెప్తాలే."

వంటింట్లోంచి వదిన అరిచింది. "ఆ మోత నా డ్రయ్యరేనా? దొరగారు జుట్టు పెంచుతున్నారా?"



*

ఆమె పరీక్షల గదికి వెళ్ళి మొదట చేసిన పని, బల్ల మీద బోర్డుని ఆపడం. గీత నేలకు పడిపోయింది. సాయంత్రం వెళ్ళబోయే ముందు పక్కనే ఒక మామూలు చవక బోర్డుని కూడా అమర్చింది, అవే ర్యాములలాంటి ర్యాములతో. రెంటి పక్కనా కిటికీ బార్లా తెరిచింది. మర్నాడు పొద్దున తాళం తీసేసరికి గది బావిలోపలిలా ఉంది. బల్ల మీద పెట్టిన నీళ్ళ సీసా చేతికి తగిలి జిల్లుమంది.

చవక బోర్డు మీట నొక్కింది. కాసేపు గునిసి, లేచింది. పెద్ద బోర్డు మీట నొక్కింది. రెండక్షరాల దీపం నాలుగడుగులు వేసి, ఒకచోట నిలబడిపోయింది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. దీపం కదల్లేదు. మళ్ళీ నొక్కింది. అక్కడే. నొక్కినప్పుడల్లా అక్కడే, పొలం గట్టు మీద మొరాయించిన ఎద్దులా. ఇన్నాళ్ళూ ఈ వెచ్చటి గదిలో దాన్ని ఒక్కసారి కూడా ఆపకుండా నడిపి, ఆపకపోవడమే గొప్పని రాసింది. ఒక్క రాత్రి చలిలో ఆపి ఉంచితే తెలిసేది.

ఎడిటరు కోటు కూడా విప్పకుండా వచ్చి చూశాడు.

"కిటికీ తెరిచి చలిలో పెడితే ఎవరిదైనా లేవదమ్మా."

"ఆ చవకది లేచింది సార్."

ఆయన చవక బోర్డు వైపు ఒక చూపు చూశాడు. చవక బోర్డు నడుస్తూ ఉంది, ఏమీ ఎరగనట్టు.

"కంపెనీ అతను మధ్యాహ్నం వస్తున్నాడు. ముద్ర కాగితం తీసుకోడానికి. అతన్నే అడుగుదాం. ఈలోపల కిటికీ మూయవా, చస్తున్నాం."

కంపెనీ అతను మాట తీరు తెలిసినవాడు. తెల్లటి చొక్కా, నిద్ర తీరిన మొహం. ఆమె ఐస్ సంచీ పెట్టి బోర్డుని చల్లబరిచి, అతని ముందు మీట నొక్కింది. దీపం నిలిచిపోయింది. అతను ఆశ్చర్యపోలేదు. ఆమె కొలతలన్నిట్లోకీ పెద్ద కొలత అదే అనిపించింది ఆమెకు: ఆ మొహం కదలకపోవడం. అతను జేబులోంచి బొటనవేలంత పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్త సాఫ్ట్‌వేరు. ఇది ఎక్కిస్తే పోతుందండీ."

"జేబులో పెట్టుకుని తిరుగుతున్నారా?"

"అక్కడక్కడా ఒకటి రెండు వచ్చాయి," అన్నాడు చిరునవ్వుతో. "ఎవరైనా అడిగితే ఇస్తున్నాం."

"అడగనివాళ్ళకి?"

"అడగలేదంటే ఇబ్బంది లేదనే కదండీ."

ఆమె ఎక్కించింది. మళ్ళీ ఐసు పెట్టింది. మీట నొక్కింది. లేచింది. ఎడిటరు హమ్మయ్య అని కుర్చీ లాక్కున్నాడు. ఆమె కూర్చోలేదు. వంగి, ర్యాము వేగం చూసింది.

"తగ్గింది."

"కొంచెం," అన్నాడు కంపెనీ అతను.

"కొంచెమా? ఇప్పుడిది పక్కనున్న చవకదాని వేగం. ఆ వేగం కోసమే కదా జనం దీన్ని కొనేది?"

"మామూలు వాడకంలో తేడా తెలియదండీ."

"మామూలు వాడకం వాళ్ళు దీన్ని కొనరు."

ఎడిటరు ఇద్దరి మధ్యా గొంతు సవరించుకున్నాడు. కంపెనీ అతను ముద్ర కాగితం ఊసెత్తకుండా, ఎంతో మర్యాదగా, వ్యాసం ఒక వారం ఆపగలరేమో చూడమని అడిగి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక ఎడిటరు పెన్‌డ్రైవుని వేలితో తిప్పాడు.

"వారం ఆపితే ఏం పోతుందంటావ్?"

"ఈ వారంలో కొనేవాళ్ళకి పోతుంది సార్."

"మీ అన్నయ్యకి వచ్చిందని మనం గొడవ చేస్తున్నామనుకుంటారు."

"మా అన్నయ్యకు రాకపోతే నాకు తెలిసేదే కాదు. వచ్చినవాళ్ళంతా వాళ్ళ చేతులదే తప్పనుకుంటున్నారు. షాపువాళ్ళు కూడా అదే చెబుతున్నారు. నేను కూడా అదే చెప్పాను."

ఎడిటరు ఆమె మొహం చూశాడు. తర్వాత కిటికీ చూశాడు. "రాయి," అన్నాడు, మందు మింగుతున్నవాడిలా. "అయితే పొల్లు పోకుండా రాయి. మనల్ని తొక్కడానికి వాళ్ళకి ఒక్క అంకె దొరకకూడదు."

రాసింది. నచ్చిన వాక్యం కొట్టేసింది. బోర్డు ఎక్కడ బాగుందో అదీ ఉంచింది, ఎందుకంటే అది నిజం. ముద్ర తీసేసింది. "చలిగా ఉన్న గదిలో మీ బోర్డు లేవకపోతే, అది మీ చేతుల తప్పు కాదు," అని ఒక వాక్యం విడిగా పెట్టింది. అన్నయ్య మాట ఎక్కడా రాయలేదు. పంపేముందు ఫోన్ చేసింది.

"చెప్పావా?"

"ఇవాళ పనిలో ఉన్నాం ఇద్దరం. రేపు చెప్తా."

"అన్నయ్యా."

"చెప్తానన్నానా!"

ఎడిటరు అద్దం మీద వేలితో కొడుతున్నాడు. ఆమె పంపేసింది.

*

సాయంత్రానికల్లా వందలమంది చదివారు. నాదీ అంతే, నాదీ అంతే అని కింద రాసేవాళ్ళ వరస తెగడంలేదు. ఒకతను బోర్డుని తిప్పి పంపి మళ్ళీ కొన్నాడట. ఇంకొకతన్ని తండ్రి మళ్ళీ మిషను ముట్టుకోవద్దన్నాడట. ఆమె అవి చదువుతూ గదిలో తిరిగింది. హాయిగా ఉండాల్సింది. కాలు నిలవలేదు.

అన్నయ్య ఫోను చీకటి పడుతుండగా వచ్చింది.

"చదివాను."

"నీ గురించి ఏం రాయలేదు."

"రాయలేదు. వాడు కూడా చదివాడు." తలుపు మూసిన చప్పుడు వినబడింది. "ఏం మాట్లాడకుండా హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మెట్లు దిగాక ఫోన్ చేశా. రేపు మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నా. చెల్లెలొస్తుంది, నువ్వూ రా అన్నా."

"నేను వస్తున్నానని ఎవరు చెప్పారు?"

"రావూ?"

"వస్తా. ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. పెట్టేశాడు."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి వదిన తలుపు తీసి, పక్కకు తప్పుకుంది. మహాతల్లీ అనలేదు. ఆవిడకు అన్నయ్య అంతా చెప్పినట్టుంది. బల్ల మీద నాలుగు పళ్ళేలు పెట్టి ఉన్నాయి. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి మెట్ల వైపు చూస్తున్నాడు. చొక్కా మార్చుకున్నాడు, ఇస్త్రీ మడత కూడా పోలేదు.

"ఆయన చేతులు పాడయ్యాయని నమ్మించారు మీరు," అంది వదిన, గిన్నె మూత తీస్తూ. అరవలేదు. "నన్ను నమ్మించండి, పోనీ. ఆయన్నా?" ఆవిడ మూత మళ్ళీ పెట్టేసింది.

కూర చల్లారింది. వదిన వేడి చేసింది. మళ్ళీ చల్లారబోతుండగా మెట్ల మీద చప్పుడైంది.

సౌండాయన లోపలికొచ్చి చెప్పులు విడిచాడు. వదినకు తల ఊపాడు. ఆమె వైపు తిరిగి, "బాగా రాశావు చెల్లెమ్మా," అన్నాడు. ఆ తర్వాత అన్నయ్య ముందు నిలబడ్డాడు. ఆయన తల అన్నయ్య భుజం దాకా రాదు.

"నీదీ లేవలేదా?"

"లేవలేదు."

"నేను షాపులో కూర్చున్న రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

"నాతోపాటు వచ్చావు కదరా. పక్కనే కూర్చున్నావు."

అన్నయ్య నోరు తెరిచాడు. చెల్లెలి వైపు చూడబోయి, చూడలేదు. "వచ్చాను," అన్నాడు.

ఆ సంగతి ఆమెకు తెలియదు. ఎవరైనా ఏదైనా అంటే బాగుండుననిపించింది. వదిన తిడితే బాగుండు. ఈ ఇంట్లో ఏ వస్తువు పగిలినా ముందు తిట్టు, తర్వాత నవ్వు, ఆ తర్వాత చీపురు. ఇప్పుడు తిట్టు రాలేదు. సౌండాయన కూడా తిట్టలేదు. ఆయన వంటింటి గట్టు దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. సబ్బు రాసి, వేళ్ళ సందులు కూడా కడిగాడు. నీళ్ళు కట్టేశాక కూడా చేతులు రెండూ ముందుకు చాచి కాసేపు చూసుకున్నాడు, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు. తుండుతో ఒక్కొక్క వేలూ తుడిచాడు. ముగ్గురూ అది చూస్తూ నిలబడ్డారు.

వచ్చి కూర్చున్నాడు, అన్నయ్యకు ఎదురుగా.

వదిన రొట్టెలు వేసింది. కూర వడ్డించింది. ఏదో అనబోయి పెదవులు బిగించుకుని తనూ కూర్చుంది. ఆమె జేబులో ఫోను అదిరింది, ఆగింది, మళ్ళీ అదిరింది. తీయలేదు. అన్నయ్య చేతులు బల్ల అంచు కింద ఉన్నాయి. ఆయన తన పళ్ళెం చూడటంలేదు, ఎదుటి పళ్ళెం చూస్తున్నాడు.

సౌండాయన రొట్టె తుంచాడు. కూరలో అద్దాడు. నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. తలెత్తలేదు. రెండో ముక్క తుంచాడు.

అప్పుడు అన్నయ్య చెయ్యి బల్ల మీదికి వచ్చింది. తర్వాత వదిన తిన్నది. తర్వాత ఆమె. పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు.